నాలుగో పావని

జీపు దిగినావిడ కాఫీ కావాలని అడగలేదు. వేలు పెట్టి చూపించింది.

కొట్టులో నిర్మల పొయ్యి మీది గిన్నె దించింది.

"చక్కెర వేయమంటారా అండీ? మా తోట కాఫీ. కొంచెం చేదుగా ఉంటుంది."

ఆ మాటకి ఆవిడ ఉలిక్కిపడి తలెత్తింది.

యాభై ఏళ్లుంటాయి. నూలు చీర, మెడ చుట్టూ మఫ్లరు. నిర్మల మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది.

కొండల్లోని టైడా రైల్వే స్టేషన్ నుంచి ఆవిడను ఎక్కించుకొచ్చిన కామేష్ నవ్వాడు. నిర్మల అక్క మొగుడతను.

"అదిరిపోనారేటమ్మా? మా మరదలి తెలుగు అలగే ఉంటాది. సీరియల్లో నేర్సింది."

"నువ్వు నోర్ముయ్యి బావా!"

ఆవిడ ఫోను తీసి, ఏదో కొట్టి చూపించింది. 'ఏ సీరియల్?'

"గట్టుమీద హైస్కూలు అండీ."

ఏడో ఏడు వచ్చేదాకా నిర్మలకి తెలుగు ముక్క రాదు. ఇంట్లో ఒరియా కలిసిన కొండమాటే. ఆశ్రమ పాఠశాలలో వేశాక, నోరు విప్పితే చాలు పిల్లలు నవ్వేవారు.

హాస్టల్ టీవీలో సాయంత్రంపూట ఆ సీరియల్ వచ్చేది. అందులో పావని అనే పిల్ల ఎలా మాట్లాడితే అలా మాట్లాడటం నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి నవ్వులు ఆగాయి.

"ఇంకా వస్తందేటే అది?" అన్నాడు కామేష్. "పదిహేనేళ్లయి అందరూ పదో తరగతే సదువుతున్నారు. ఆ పరీచ్చలెప్పుడో, పాసయ్యేదెప్పుడో!"

నిర్మల ఆవిడ వైపు తిరిగింది.

"ఇప్పుడు నేను చూడటం మానేశానండీ. పావనిని మార్చేశారు."

'అంతకుముందు మార్చలేదా?'

"రెండుసార్లు మార్చారు. మొదటావిడ పెళ్లి చేసుకుని మానేసింది. రెండో ఆవిడ సినిమాలకెళ్లిపోయింది. మూడో ఆవిడైతే తాటిచెట్టంత పొడుగు. బెంచీలో పట్టేది కాదు. అయినా నాకు ఎవరూ కొత్తగా అనిపించలేదు. పావని పావనే."

"మరి నాలుగోదేటి సేసింది?" అన్నాడు కామేష్.

"చెడగొట్టింది! మొహం చూస్తే అచ్చం మొదటి పావనే. కానీ పావని కాదు. అది ఏడిస్తే నాకు నవ్వొస్తుంది. పద్నాలుగేళ్లు కాచుకున్న మనిషిని ఒక్కరోజులో చంపేసింది."

ఆవిడ మళ్లీ కొట్టింది. 'పాపం, ఆ అమ్మాయి తప్పు లేదు.'

"మరి ఎవరిదండీ?"

ఆవిడ ఫోనులో ఇంకో ప్రశ్న వచ్చింది. 'మొదటి రోజు బళ్లో పావని టీచర్‌తో చెప్పిన మాట గుర్తుందా?'

"ఎందుకు లేదూ!"

నిర్మల గొంతు సవరించుకుని నోరు తెరిచింది.

ఫోను తన మొహం ముందుకొచ్చింది. తెర మీద రికార్డింగ్ ఎర్ర చుక్క.

నోరు మూసుకుంది.

పోయిన చలికాలం ఇలాగే ఒక జంట వచ్చారు. "అక్కా, మాట్లాడక్కా" అంటూ వీడియో తీశారు. 'అడవిలో టీవీ తెలుగు' అని పేరు పెట్టి వదిలారు. ఆ తర్వాత సంతకెళ్తే, ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఆమె మాటలే ఆమెకి అప్పజెప్పి నవ్వారు. నెల్లాళ్లు కొట్టు తెరవలేదు నిర్మల.

"ఫోను దించండి."

ఆవిడ కంగారుగా కొట్టింది. 'నవ్వడానికి కాదమ్మా. నీ బొమ్మ వద్దు. మాట చాలు. నా దగ్గర దాచుకుంటాను.'

"అందరూ అలాగే అంటారండీ."

'ఒక్కసారి.' ఆవిడ చేతులు జోడించింది.

అప్పుడు పోయింది నిర్మల నోట్లోంచి పావని తెలుగు.

"ఏటమ్మా, మీ కంటికి మాము కోతుల్లాగున్నామా? ఆడమంటే ఆడాలి, మాటాడమంటే మాటాడాలి! ఏం, మీకు నోరు నేదా? మీరే మాటాడుకోండి!"

ఆవిడ జోడించిన చేతులు దించింది. గ్లాసు తాగకుండానే బల్ల మీద పెట్టి, వెళ్లి జీపులో కూర్చుంది.

కామేష్ గొంతు తగ్గించాడు.

"అలగ కసురుకున్నావేటే? మూగమ్మనుకుంటాను, పాపం."

"మూగోల్లకి మాటలెందుకు బావా? ఎవులికో ఇనిపించి నవ్వడానికి కాకపోతే?"

జీపు మలుపు తిరగకముందే నిర్మల ఆ కాఫీ రోడ్డు పక్కన పారబోసింది.

వానలు పట్టాక ఒక మధ్యాహ్నం కామేష్ ఫోను పట్టుకుని కొట్టులోకి వచ్చాడు.

"ఒలే నిర్మలా, బేగి రా! నీ సీరియల్ మొదట్లో ఆ మాటాడనావిడ ఫొటో ఏసినారు. దండేసినారు. కింద ఏటో రాసినారు, సదువు."

కామేష్ బడి మొహం చూడలేదు. నిర్మల తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఫోను అందుకుని, అతని కోసం పైకే చదివింది.

"మొహాలు మారినా, ముగ్గురు పావనులకూ పద్నాలుగేళ్లు తన ఒక్క గొంతే ఇచ్చి, నిరుడు ఆపరేషన్లో ఆ గొంతు పోగొట్టుకున్న మా సరళ గారికి కన్నీటి నివాళి."