రిస్క్ లేని బేరం

"జనాన్ని తీసుకురా," అన్నాడు హషమత్ పాషా. "ఒక్క రోజు చాలు. కాంపస్ నిండా విద్యార్థులు కనపడాలి."

వగ్దీ తెల్లమొహం వేశాడు.

హషమత్ పాషా కంపెనీకి కైరో చుట్టుపక్కల మూడు యూనివర్సిటీ కాంపస్‌లున్నాయి. భవనాలు కంపెనీవి, చదువులు అందులో అద్దెకున్న యూనివర్సిటీలవి. ఆ కంపెనీలో వగ్దీ రిస్క్ మేనేజర్. నిప్పంటుకుంటే ఏం చేయాలి, లిఫ్టు తెగితే బాధ్యత ఎవరిది, అద్దెకున్నవాళ్ళు లేచిపోతే గతేమిటి అని నివేదికలు రాయడం అతని పని. వాటిని చదవకపోవడం పాషా పని.

'ఆరో అక్టోబరు' అని తేదీయే పేరుగా ఉన్న శివారు నగరంలోని కాంపస్‌లో అద్దెకున్న యూనివర్సిటీ వేసవిలో నిజంగానే లేచిపోయింది. పిచ్చుకలు తప్ప అందులో ఎవరూ లేరు. ఇప్పుడు ఫిక్రీ అనే బ్రోకరు గల్ఫ్ నుంచి ఒక షేక్‌ను పట్టుకొచ్చాడు. జనంతో నడుస్తున్న కాంపస్ అయితేనే కొంటాడట.

"అది మోసం కదా పాషా?"

"మోసమేంటయ్యా! కొనేవాడు చేజారిపోవడం రిస్కా, కాదా?"

"రిస్కే."

"మరి నీ ఉద్యోగం పేరేంటి?"

తన ఉద్యోగం పేరు పాషాకు తెలుసని వగ్దీకి అప్పుడే తెలిసింది. సిగ్గుపడాల్సింది పోయి, అతని ఛాతీ కాస్త పొంగింది.

ఆ సాయంత్రమే ఊరి నడిబొడ్డున ఉన్న ఒక కాఫీ హోటల్‌కి వెళ్ళాడు. సినిమాలకు జూనియర్ ఆర్టిస్టులను పంపే మదాం ఇన్‌షిరాహ్ రోజూ అక్కడే కూర్చుంటుంది. పెళ్ళి జనం, శవయాత్ర జనం, ఊరేగింపు జనం, ఎవరు కావాలన్నా ఆవిడ దగ్గర దొరుకుతారు.

"కాలేజీ జనమా?" హుక్కా గొట్టం పక్కన పెట్టి అడిగిందావిడ. "కుర్రాళ్ళు కాస్త తక్కువున్నారు ఉస్తాద్. బట్టతలవాళ్ళని పీహెచ్‌డీలో వేసుకోండి."

"ఫరవాలేదు. సినిమాలో కెమెరాలు కనపడకుండా దాచిపెడుతున్నాం. అందరూ సహజంగా ఉండాలి, ఎటూ చూడకూడదు."

"తెలుసులెండి. ఈ మధ్య అందరూ అలాగే తీస్తున్నారు."

అనుకున్న రోజున కాంపస్ కళకళలాడింది. గడ్డి మీద గుంపులు, మెట్ల మీద గిటార్, తరగతి గదుల్లో కునికిపాట్లు. వగ్దీ తెగ మురిసిపోయాడు. నిజం యూనివర్సిటీ ఉన్నప్పుడు కూడా ఇంతమంది వచ్చేవాళ్ళు కాదు.

షేక్ తెల్లటి అంగరఖా జీరాడుతుంటే కారు దిగాడు. వెంట బ్రోకరు ఫిక్రీ, ఇద్దరు ఇంజినీర్లు, నల్లకళ్ళద్దాల లాయరమ్మ. షేక్ ఏమీ మాట్లాడలేదు. తల పంకిస్తూ నడిచాడు.

"అసలైన డబ్బున్నవాళ్ళు నోరు విప్పరు," అని పాషా వగ్దీ చెవిలో ఊదాడు.

లైబ్రరీ దగ్గర లాయరమ్మ ఉన్నట్టుండి ఒక కుర్రాణ్ణి ఆపింది.

"నువ్వేం చేస్తుంటావు బాబూ?"

"హీరో స్నేహితుణ్ణండీ."

వగ్దీ గబుక్కున ముందుకొచ్చాడు. "హీరో అంటే... వీళ్ళ ప్రొఫెసర్ ముద్దుపేరు మేడం. పిల్లలకు ఆయనంటే ప్రాణం," అని అడ్డం పడ్డాడు.

లాయరమ్మ బుద్ధిగా తలాడించి ముందుకు కదిలింది. వగ్దీ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

భోజనాల దగ్గర పావురాల వేపుడు పెట్టించారు. షేక్ వంచిన తల ఎత్తలేదు. ఇంజినీర్లు ఎముకలు సైతం వదల్లేదు. లాయరమ్మ రెండు పావురాలను కాగితంలో చుట్టి చేతిసంచిలో పెట్టుకుంది. గొప్పింటివాళ్ళకు వృథా అంటే గిట్టదని పాషా మెచ్చుకున్నాడు.

చేతులు కడుక్కున్నాక ఫిక్రీ అసలు మాట ఎత్తాడు. "షేక్ గారికి నచ్చింది. డబ్బు వాళ్ళ దేశపు బ్యాంకు నుంచి రావడానికి కొంత టైం పడుతుంది. ఒక పని చేద్దాం పాషా. డబ్బు చేతికందాకే రాసివ్వండి. ఈలోగా ఆయన మరోసారి వచ్చి తీరిగ్గా చూసుకుంటారు."

పాషా, వగ్దీ మొహమొహాలు చూసుకున్నారు. రేపటికి గడ్డి మీద మళ్ళీ పిచ్చుకలే ఉంటాయి.

"మళ్ళీ చూడ్డమెందుకయ్యా?" పాషా నొచ్చుకున్నట్టు అన్నాడు. "మనుషుల మీద నమ్మకం ఉండొద్దూ! ఇవాళే రాసిచ్చేస్తాను. డబ్బు వచ్చినప్పుడే వస్తుంది."

డబ్బు ముట్టకుండా ఆస్తి రాసివ్వకూడదని వగ్దీ ప్రతి నివేదికలోనూ మొట్టమొదటి వాక్యంగా రాసేవాడు. ఇప్పుడూ చెప్పబోయాడు. బల్ల కింద పాషా బూటు అతని కాలి మీద పడింది. నోరు మూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే రిజిస్ట్రేషన్ అయిపోయింది. షేక్ తరఫున సంతకాలన్నీ ఫిక్రీయే పెట్టాడు. దస్తావేజులు సంచిలో వేసుకుని, పాషాను రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకుని వెళ్ళాడు.

వగ్దీ డైరెక్టర్ అయ్యాడు. కొత్త గది, కిటికీలోంచి నైలు. భార్య నుంచి బావమరిది దాకా అందరికీ ఫోన్ చేసి చెప్పుకున్నాడు. మర్నాడు పొద్దున్నే పాషా ఆ గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

"ఉబూర్ కాంపస్‌లో ఉన్నవాళ్ళు కూడా అద్దె తగ్గించమని గొణుగుతున్నారు. వాళ్ళూ లేచిపోకముందే దాన్నీ ఆ షేక్‌కే అంటగడదాం. వెళ్ళి ఆ జనాన్నే మాట్లాడు."

వగ్దీ ఈల వేసుకుంటూ కాఫీ హోటల్‌కి వెళ్ళాడు. మదాం ఇన్‌షిరాహ్ కుర్చీ చూపించి, పుదీనా టీ తెప్పించి, అతను చెప్పిందంతా విన్నది.

"మీ విద్యార్థులంతా ఖాళీగానే ఉన్నారు ఉస్తాద్," అంది. "మీ సినిమావాళ్ళే కదా, ఆ ఫిక్రీ గారికి మాత్రం ఒక మాట చెప్పండి. షేక్ వేషం వేసినాయన ఈసారి దొరకడు, ఏదో రంజాన్ సీరియల్లో బిచ్చగాడి వేషానికి తీసుకుపోయారు."