ఫోను మర్యాద

“దీనికి మర్యాద తెలీదండి,” అంటూ మల్లేశ్వరరావుగారు ఫోను తెచ్చి సాయిప్రసన్న ముందున్న బల్లమీద పెట్టారు.

కడియంలో ఆయన నర్సరీ ఆఫీసు గది అది. సాయిప్రసన్న ఫోన్ల కంపెనీ తరఫున బెంగుళూరు నుంచి వచ్చిన అమ్మాయి. చదువు రానివాళ్ళు కూడా వాడుకునేలా, తెలుగులో మాట్లాడే ఫోను ఒకటి తయారు చేస్తోంది ఆ కంపెనీ. బజారులోకి వదిలే ముందు ఈ ఊళ్ళో ఆరుగురికి ఇచ్చి, వాళ్ళేం మార్చమంటే ఫోను లోపల అది మార్చడం ఆమె పని. నెలాఖరుకి ఆరుగురూ సంతకం పెడితే ఫోన్లు వాళ్ళకే వదిలేస్తారు. ఒక్కరు వద్దని ఇచ్చేసినా తెలుగు గొంతు తీసేసి ఉత్త ఇంగ్లీషు ఫోనే అమ్ముతామని పై ఆఫీసరు ముందే చెప్పాడు. ఏడాదిపాటు ఫోను పలికే ఆ మాటలన్నీ కూర్చింది సాయిప్రసన్నే. అందుకే ఆయన ఫోను బల్లమీద పెట్టగానే ఆమెకి గుండెల్లో రాయి పడింది.

“ఏమందండి?” అని అడిగింది.

ఆయన మీట నొక్కారు. “మెసేజ్ వచ్చింది, చూడు,” అంది ఫోను. ఇంకో మీట నొక్కారు. “నంబరు తప్పు, మళ్ళీ నొక్కు.”

“విన్నారాండి? లారీ వాళ్ళూ, బేరగాళ్ళూ చుట్టూ ఉండగా చూడు, నొక్కు అంటోందండి. మార్చగలిగితే మార్చండి. లేకపోతే ఇచ్చేస్తాను.”

ఆమెకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. తప్పు తనదే. ఫోనులో చోటు చాలదు, మాటలు పొట్టిగా ఉండాలంటే చివరి ముక్కలన్నీ తనే కత్తిరించింది. ఈ వైపు బస్సులో కాలు తొక్కినవాణ్ణి తిట్టేటప్పుడు కూడా చివర ఒక అండి తగిలిస్తారని అప్పుడు తట్టలేదు.

అంతలో లోవమ్మ ఖాళీ టీ గ్లాసులకోసం లోపలికి వచ్చింది. మొక్కలకి అంట్లు కట్టే మనిషి, యాభై దాటాయి. ఆమె చేతి అంటు బతకలేదన్న మాట ఆ నర్సరీలో ఎవరూ వినలేదు. ఆరుగురిలో ఆమె ఒకతె.

“ఏమే లోవమ్మా, ఈవిడగారు నీ ఫోను సంగతి అడుగుతున్నారు, చెప్పు,” అన్నారు మల్లేశ్వరరావుగారు.

లోవమ్మ కొంగున ముడేసుకున్న ఫోను విప్పి చూపించింది. ఆమె కూతురు దుర్గాశ్రీ కాకినాడలో నర్సు ట్రైనింగులో ఉంది. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. ఇదివరకు లోవమ్మ ఈ గది గుమ్మం దగ్గర నిలబడి, అయ్యగారి ఫోనులో రెండు మాటలు మాట్లాడి పెట్టేసేది. ఇప్పుడు మొక్కల మధ్య కూర్చుని తీరిగ్గా మాట్లాడుకుంటోందట. నీళ్ళ మోటారు ఆడుతుంటే రింగు వినపడటం లేదని, అదొక్కటి పెంచమని అడిగింది.

“గొంతులో ఏమైనా మార్చాలా లోవమ్మా? నీకు బాగుందా?”

“బాగుందండి. మన మనిషిలాగే పిలుత్తుందండి.”

ఆమె పేరు ఎదురుగా ‘గొంతు మీద ఫిర్యాదు లేదు’ అని రాసుకుంది సాయిప్రసన్న.

మిగిలిన నలుగుర్నీ అడిగితే, అందరిదీ మల్లేశ్వరరావుగారి మాటే. పూలకొట్టాయన ఇంకో మెట్టు పైకెళ్ళి, ఈ ఫోను పెంపకం ఎవరిదండి అని అడిగాడు. ఆ సాయంత్రమే ఆమె ఆఫీసరుకి ఫోన్ చేసింది. ఒక్క ముక్క కోసం తొంభై మాటలూ మళ్ళీ రికార్డు చేయాలా అని ఆయన విసుక్కున్నాడు.

“ఆ ముక్క లేకపోతే ఇక్కడ మాట పూర్తి కాదు సార్.”

“అందరికీనా?”

“అందరికీ,” అంది ఆమె, తడుముకోకుండా.

ఆఫీసరు చివరికి ఒప్పుకున్నాడు. ఫోన్లన్నీ వెనక్కి తీసుకుని, రింగు పెంచి, గొంతు మార్చి, గడువుకి ఒక్కరోజు ముందు, శనివారం సాయంత్రం, ఎవరివి వాళ్ళకి పంచింది. అన్నీ ఒకే నల్లరంగువి.

ఆదివారం పొద్దున్న సంతకాలకి అదే గదిలో కూర్చుంది. మల్లేశ్వరరావుగారు అందరికంటే ముందొచ్చి మీట నొక్కి వినిపించారు. “మెసేజ్ వచ్చిందండి, చూడండి,” అంది ఫోను. ఇప్పుడు నలుగురిలో పెట్టుకు తిరగొచ్చండి అంటూ ఆయన సంతకం పెట్టారు. ఆయన వెనకే మరో నలుగురూ పెట్టారు. సాయిప్రసన్నకి ప్రాణం లేచొచ్చింది. ఇక మిగిలింది ఫిర్యాదు లేని లోవమ్మ ఒక్కతే.

లోవమ్మ వచ్చింది. ఈసారి ఫోను కొంగున లేదు. ఉతికిన గుడ్డముక్కలో చుట్టి, రెండు చేతులా పట్టుకొచ్చి బల్లమీద పెట్టింది.

“ఇదిగోండమ్మా, తీసేసుకోండి.”

సాయిప్రసన్న పెన్ను పక్కన పెట్టింది. “ఇచ్చేస్తున్నావేంటి లోవమ్మా? రింగు వినపడటం లేదా?”

“బాగా వినపడతందండి.”

“మరి మీ అమ్మాయితో మాట్లాడొద్దా?”

“అందుకేనండి పరిగెట్టుకొచ్చాను. ఇయాల ఆదివారం కదండి, మా దుర్గాశ్రీ చేత్తాది. నా ఫోను నాకిప్పించండి.”

“ఇది నీదే కదా!”

లోవమ్మ ఆ మాటకి ఒప్పుకోలేదు. ఓరగా మల్లేశ్వరరావుగారి వంక చూసి, గుడ్డముక్కని ఆయన వైపు మెల్లగా జరిపింది.

“నాది కాదండి. పంచేటప్పుడు అయ్యగారిది నాకొచ్చేసినట్టుందండి. నిన్నట్నించీ నన్ను అండీ అంటాందండి.”