పాత మిల్లు స్థలం

లొరేన్ తలుపు తీసేసరికి మెట్ల మీద ఆ పెద్దావిడ నిలబడి ఉంది. చేతిలో సంతకాల కాగితం.

"ఫ్యాక్టరీ వద్దనడానికేగా వచ్చారు?"

"వద్దనడం లేదమ్మా. చిత్తడి నేలలో కట్టొద్దంటున్నాను. మూతపడ్డ కాగితం మిల్లు స్థలం ఖాళీగానే ఉంది కదా, అక్కడ కట్టమంటున్నాను. సముద్రంలోంచి ఏట్లోకి ఎదురీదొచ్చే చేపలు గుడ్లు పెట్టుకోడానికి మిగిలిన చోటు ఆ చిత్తడొక్కటే."

"మిల్లు పోయినప్పట్నుంచీ మా ఆయనకి పని లేదు. మా పొయ్యిలోకి కట్టెలు ఆ చేపలు తెచ్చిపెడతాయా?"

లొరేన్ తలుపు వేసేసింది.

కిటికీలోంచి చూస్తే, ఆవిడ మంచు మీద జారకుండా మెల్లగా అడుగులేస్తూ పక్కింటికి పోతోంది.

పేరు ఆగ్నెస్. కిందటి వేసవిలో వచ్చి లాండ్రీ పైన గది అద్దెకు తీసుకుంది. ఎవరి తాలూకో ఊళ్లో ఎవరికీ తెలీదు.

మార్చిలో బడి హాల్లో ఊరి సభ జరిగింది. ఆగ్నెస్ లేచింది.

"ఫ్యాక్టరీ రావాలి. ఏరూ బతకాలి. రెండూ కావాలనడం తప్పా?"

"పాత స్థలం శుభ్రం చేసేసరికి ఏడాది పడుతుంది. అందాకా ఏం తినమంటారు?" అన్నాడు లొరేన్ భర్త నార్మండ్.

"చేపలకి ఓటొచ్చాక గెలుద్దువుగాని, కూర్చో ముసలమ్మా" అన్నారు వెనకనుంచెవరో.

హాలంతా నవ్వింది. లొరేన్ కూడా నవ్వింది.

చేతులెత్తమన్నారు. ఆగ్నెస్ వైపు లేచినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వెళ్తూ వెళ్తూ ఆవిడ లొరేన్ దగ్గర ఆగింది.

"మీ ఆయనకి పని దొరుకుతుందిలే అమ్మా. దిగులు పెట్టుకోకు."

లొరేన్ మొహం తిప్పుకుంది.

ఏప్రిల్లో ఆగ్నెస్ న్యుమోనియాతో పోయింది. ఎవరో వచ్చి సామాను పట్టుకెళ్లారట. ఆ కబురు విని "పాపం" అనుకుని, లొరేన్ రొట్టెపిండి పిసుక్కుంటూ ఉండిపోయింది.

మేలో కంపెనీ మాట మార్చింది. చిత్తడి జోలికి పోదట, పాత మిల్లు స్థలంలోనే కడుతుందట. గెలిచిన ఓటు ఏట్లో కలిసిందని ఊరంతా తిట్టిపోసింది. నార్మండ్ ఇంకో చలికాలం ఊళ్లోవాళ్ల కట్టెలు కొట్టి నెట్టుకొచ్చాడు.

మరుసటి వసంతంలో ఫ్యాక్టరీ తెరిచారు. నార్మండ్‌కి పని దొరికింది. ఆ వారమే చిత్తడి నీళ్లు చేపలతో వెండిలా కదిలాయి.

ప్రారంభోత్సవానికి బోస్టన్ నుంచి యజమాని వచ్చాడు. అందరితో చేయి కలుపుతూ లొరేన్ దాకా వచ్చాడు.

ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

"ఊరంతా మీ వైపే చేతులెత్తాం కదండీ. మరి ఆగ్నెస్ గారు చెప్పినచోట ఎందుకు కట్టారు?"

ఆయన ఏటి వైపు చూశాడు.

"బతికున్నన్నాళ్లూ మా అమ్మ మాట నేనూ వినలేదండీ" అన్నాడు.