ఆరో టైల్

"ఇంటినిండా కొత్త టైల్స్ వేయించామండీ. అందులో ఒకటి తీసేసి, పగిలిన పాత టైల్ పెట్టాలి. పెడతారా?"

ఫోన్‌లో ఆ మాట విని చెన్నకేశవరావు ఇంకోసారి చెప్పమని అడిగి, అడ్రసు రాసుకున్నాడు.

నాలుగు నెలల క్రితం వరకూ అతను సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉండేవాడు. పాతికేళ్లు సిమెంటు దిమ్మల్ని మిషన్లో పెట్టి, ఎంత బరువుకి పగులుతాయో రాసుకోవడమే పని. యాభయ్యో ఏట అది మానేసి, జగ్గయ్యపేటలో ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. కూలగొట్టిన ఇళ్ల దగ్గరా, మేడల మీద వాటర్ ట్యాంకుల కిందా మిగిలిపోయిన పాత టైల్స్ ఏరి తెచ్చి పేర్చాడు. ఎవరింట్లోనైనా ఒక్క టైల్ పగిలితే, దానికి జోడీ వెతికి అతికించడమే వ్యాపారం.

బోర్డు చూసి నవ్వినవాళ్లే తప్ప పిలిచినవాళ్లు లేరు. దసరాలోపు ఒక్క పనీ రాకపోతే మళ్లీ ఫ్యాక్టరీకి పోతానని ఇంట్లో మాటిచ్చాడు. దసరా ఇంకో వారం ఉంది.

మేస్త్రీ హారూన్‌ను బండి వెనక ఎక్కించుకుని నందిగామ వెళ్లాడు.

ఫోన్ చేసినావిడ పేరు చందన. హాల్లోకి తీసుకెళ్లి, అద్దంలా మెరుస్తున్న ఒక టైల్ చూపించింది. "గడప నుంచి ఆరోది. ఇదే."

"వాస్తు ఎవరన్నా చెప్పారా అమ్మా?" అన్నాడు హారూన్.

"కాదండీ. మా అత్తయ్యకి దుమ్ము పడదని పెనుగంచిప్రోలులో ఆడపడుచు ఇంటికి పంపించాం. ఆదివారం వచ్చేస్తున్నారు. ఆవిడ వచ్చేసరికి పాత టైల్ ఇక్కడుండాలి."

"ఆ పాతదేదీ?"

"మావారు చూసుకోలేదు. పగలగొట్టిన రద్దుతో పాటు ట్రాక్టర్లో పోయింది." చందన ఫోన్లో ఫొటో చూపించింది. "రంగు ఏదైనా ఫర్లేదు. గరుకు కలవాలి. పగులు కూడా అచ్చం ఇలాగే ఉండాలి."

హారూన్ చెన్నకేశవరావును పక్కకు లాగాడు.

"సార్, మొదటి పనే ఇది. రేపు చుట్టాలొచ్చి ఎవరేసారని అడిగితే మన పేరే చెప్తారు. పగిలిన టైల్స్ వేసేవాళ్లమని ఊరంతా అనుకుంటారు. దీనికన్నా మీ ఫ్యాక్టరీయే నయం."

"అత్తగారంటే భయమేమో, పాపం."

"భయమైతే మంచిది వేయించాలి గానీ, పగిలింది పెట్టిస్తారా ఎవరన్నా?"

చెన్నకేశవరావు ఉండబట్టలేక చందననే అడిగాడు. "ఎందుకో తెలుసుకోవచ్చా అమ్మా?"

"ఆవిడ సంగతులు పదిమందికి చెప్పడం ఆవిడకి నచ్చదండీ. చేస్తారా, చెయ్యరా?"

"చేస్తా."

ఆ రకం టైల్ షెడ్డులో ఒక్కటే ఉంది. కొలత కలవడం అదృష్టం. కాకపోతే అది నిక్షేపంలా ఉంది. శనివారం పొద్దున్నే పట్టుకెళ్లాడు. చందన పెన్సిల్ తీసుకుని, ఫొటో వైపు చూడకుండానే దాని మీద వంకర గీత గీసింది.

అతను వెనకవైపు కట్టర్‌తో సన్నగా గాడి పెట్టాడు. ఇసుక మూట మీద బోర్లించి సుత్తి ఎత్తాడు. తేడా వస్తే ఇంకోటి లేదు.

"పగలకుండా కొట్టడం మా నాన్న నేర్పాడు సార్. ఇది మీకెవరు నేర్పారు?" అన్నాడు హారూన్.

"పాతికేళ్లు జీతం తీసుకుని నేర్చుకున్నా."

టప్. గీత వెంబడే విరిగింది. రెండే ముక్కలు. హారూన్ గట్టిగా ఊపిరి వదిలాడు.

ముక్కలు అమర్చాక, హారూన్ చేతి అలవాటు కొద్దీ పగుల్లో తెల్ల సిమెంటు నింపబోయాడు.

"వద్దండీ!" చందన అరిచినంత పని చేసింది. చెప్పులు విడిచి, అరికాలితో రాసి చూసింది. "ఈ ముక్క ఇంకాస్త ఎత్తుగా తగలాలి."

ఎత్తారు. ఆ అంచు కాలికి గీసుకోకుండా చెన్నకేశవరావు గరుకు కాగితంతో చాలాసేపు రుద్దాడు. రుద్దమని ఎవరూ చెప్పలేదు.

తెల్లటి హాలు మధ్యలో అది మరకలా ఉంది. హారూన్ మొహం తిప్పుకున్నాడు.

ఆదివారం, అతుకు బిగిసిందో లేదో చూద్దామని ఇద్దరూ మళ్లీ వెళ్లారు. వాళ్లు వరండాలో ఉండగానే గేటు ముందు ఆటో ఆగింది.

"ఏమే చందనా, కొంపంతా మార్చేసారటగా! ఇక నేను నీ కొంగు పట్టుకుని తిరగాలా ఏంటి?" అంది అత్తగారు. గొంతులో వేళాకోళమే గానీ, చెయ్యి ఆటో కమ్మీని వదల్లేదు.

"మీరే లోపలికి రండి అత్తయ్యా," అంటూ చందన పక్కకు తప్పుకుంది.

"ఇప్పుడుంటాయి చూడండి మనకి అక్షింతలు," అని గొణిగాడు హారూన్.

ఆవిడ చెప్పులు విడిచి గడప దాటి, నెమ్మదిగా ముందుకెళ్లి, బొటనవేలితో ఆ పగులును ఒకసారి తడుముకుని, చటుక్కున ఎడమవైపు తిరిగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా విసవిసా తన గదిలోకి నడిచి వెళ్లిపోయింది, పన్నెండేళ్ల క్రితమే చూపు పోయిన నాగేంద్రమ్మ.