యూనిఫాం: బాగుంది

మనోజ ఫోనులో ఫారం తెరిచింది. ఈ పల్లె బడి పెద్ద తరగతిలో పన్నెండు మంది పిల్లలు. కనీసం ఆరుగురు నిరుపేదలని తేలితే, ఆమె పనిచేసే కంపెనీ ఈ బడికి ఏడాది పాటు పొద్దుటి టిఫిన్ పెడుతుంది. తేలకపోతే ఆ డబ్బు వేరే ఊరికి పోతుంది.

తేలాలనే ఆమె కోరిక. ఖాళీ కడుపుతో ఎక్కాలు అప్పజెప్పడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇబ్రహీంపట్నంలో ఇలాంటి సర్కారు బడిలోనే చదివింది. వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చింది తనొక్కతే.

కంపెనీ నియమాలు గట్టివి. టీచరు గదిలో ఉండకూడదు. టిఫిన్ సంగతి టీచరుకు తప్ప ఇంకెవరి చెవినా పడకూడదు. అందుకే స్టెల్లా టీచర్ పక్క గదిలో చిన్న తరగతులకు పాఠం చెబుతోంది. పిల్లల్ని ఒక్కొక్కరినే లోపలికి పంపే పని వంటమ్మ సిద్దమ్మది.

మొదట మల్లేశ్ వచ్చాడు. బల్ల అవతల ఛాతీ వరకే కనిపిస్తున్నాడు. తలకు నూనె, పక్క పాపిడి, ఇస్త్రీ నలగని గళ్ళ చొక్కా.

"పొద్దున ఏం తిన్నవ్ రా?"

"ఉప్మా."

"రోజూ తింటవా?"

"అవ్ మేడం. మస్తు తింట."

'యూనిఫాం: బాగుంది. ఉదయం ఆహారం: ఉంది.' మనోజ టిక్కు పెట్టింది.

తర్వాత రేణుక. చొక్కా భుజాల మీంచి జారుతోంది. ఎల్లేష్‌కు బొత్తాలు తెగేంత బిగుతు. సర్కారు కుట్టు ఎవరి కొలతకు కుదిరింది కనుక అనుకుంది మనోజ. ఒకరు పోయాక ఇంకొకరు రావడానికి కాస్త ఆలస్యమవుతోంది.

"ఏమైందమ్మా? పంపు!"

"వస్తున్నరు బిడ్డా! ముక్కులు తుడిచి పంపుతున్న" అంది సిద్దమ్మ బయటి నుంచి.

అందరూ ఉప్మాయే తిన్నారు.

జాకబ్ వచ్చేసరికి మనోజ ఫోను పక్కన పెట్టేసింది. "నిజం చెప్పురా. నేనెవ్వరికీ చెప్ప. ఆకలైతలేదా నీకు?"

వాడు తల అడ్డంగా ఊపాడు. "నీకైతుందా మేడం?"

పన్నెండు మందీ అయిపోయారు. నిరుపేదలు సున్నా అని చూపించింది ఫారం. ఒకసారి పంపితే మళ్లీ మార్చడానికి లేదు. ఆమె వేలు కాసేపు ఆగింది. కళ్లతో చూసింది కాదని ఎలా రాయడం? పంపేసింది.

పక్క గదిలోకి వెళ్లింది. "ఏమనుకోకు టీచర్. మీ పిల్లలు మంచిగనే ఉన్నరు. టిఫిన్ పైసలు ఇంకో బడికి పోతయ్."

స్టెల్లా చేతిలో చాక్‌పీస్ ఆగిపోయింది. "మంచిగున్నరా? మా పిల్లలా? ప్రార్థన కాడ కండ్లు తిరిగి పడుతుంటే నీళ్లు జల్లి లేపుతున్న మేడం!"

"నా కండ్లతోని చూసిన టీచర్..."

"ఏం చూసినవ్?"

మనోజ జవాబు చెప్పేలోపే వంటగది వైపు నుంచి సిద్దమ్మ గొంతు సంబరంగా వినిపించింది. "శాబాష్ రా! అంత పెద్ద మేడం ముందర బడి ఇజ్జత్ నిలవెట్టిన్రు."

మనోజ ఆ గొంతు వైపు పరుగెత్తింది.

వంటగది వెనక పదకొండు మంది చినుగుల బట్టల్లో గోడకానుకుని నిలబడి ఉన్నారు. పన్నెండో పిల్లవాడి ఒంటి మీంచి సిద్దమ్మ, ఈ ఏడు బడి మొత్తానికి వచ్చిన ఒకే ఒక్క గళ్ళ చొక్కా విప్పుతోంది.