తాతారావు సందేహం

“ఇంకోపాలి సెప్పండి మాస్టారూ. ఈ ‘ని’ ఏటేటికి ఒస్తాది?”

వెనక బల్ల మీంచి తాతారావు మళ్లీ లేచాడు.

లంజిపల్లిలో మేడమీద జపనీస్ క్లాసు. జపాన్ వృద్ధాశ్రమాల్లో పనికి వెళ్లాలని చదివే ఆడపిల్లలే అందరూ. వాళ్ల మధ్య పొడంపేట నుంచి వచ్చే ఈ అరవయ్యేళ్ల మనిషి, ఉలిపికట్టెలా.

పద్మినికి ఒళ్లు మండింది. ఆదివారం పరీక్ష. తప్పితే మళ్లీ రొయ్యలు ఒలిచే పనికే పోవాలి. ఖల్లికోట నుంచి రోజూ రైల్లో పడి వచ్చేది ఇతని సందేహాలు వినడానికా?

ఫణిభూషణ్ మాస్టారు విసుక్కుంటూనే చెప్పారు. “మన ‘కి’ అనుకోండి. ఊరికి వెళ్లినా, మనిషికి ఇచ్చినా, ఏడింటికి లేచినా ‘ని’యే.”

“మరి ఒకరికి బదులు ఇంకొకరు అన్నప్పుడో?”

“అక్కడా ‘ని’యే. కూర్చోండి.”

కూర్చోలేదు. ఒకరికి బదులు ఇంకొకరికి ఇవ్వమనాలంటే, ఆ రెండు ‘ని’లూ ఒకే వాక్యంలో ఎలా చెప్పాలో నేర్పమన్నాడు. గోరంత ‘ని’ కోసం క్లాసంతా తినేశాడు.

ఈ వయసులో ఇతనికి జపాన్ దేనికి? సూరత్ మిల్లులకి మగాళ్లని తోలే దళారులు గంజాం జిల్లాలో వీధికొకడు. ఇప్పుడు ఆడపిల్లల మీద పడ్డారన్నమాట. పద్మిని ఈ మాట అనగానే క్లాసంతా నమ్మేసింది.

మెట్ల దగ్గర అతనికి అడ్డం నిలబడింది.

“ఏ పిల్లని అమ్మీడానికి ఈ సదువు? రేపట్నుంచి రాకు. వొస్తే పోలీసోలకి సెప్పీగలను.”

తాతారావు వంగి చెప్పులు తొడుక్కున్నాడు.

“ఒక్క మాట కోసరం ఒచ్చేనమ్మా. ఒచ్చీసింది. ఇంక రాన్లే.”

రాలేదు. పీడ విరగడైందని అందరూ సంతోషించారు.

పద్మిని పరీక్ష నెగ్గింది. కొన్నాళ్లకే మాస్టారు పిలిచి, ఒక వృద్ధాశ్రమం వాళ్లు మన క్లాసు నుంచే ఒక అమ్మాయి కావాలన్నారని, ఆమెనే ఎంచుకున్నారని చెప్పారు.

పద్మిని కాళ్లు నేల మీద నిలవలేదు. “మన కిలాసు సంగతి ఆలకెలాగ తెల్సు సార్?”

ఫణిభూషణ్ ఆమె వైపు చూడలేకపోయారు. తనకూ ఇవాళే తెలిసిందన్నారు. ఆ ఆశ్రమంలో పనిచేస్తూ కొన్ని నెలల కిందట జబ్బుచేసి పోయిన పిల్లది పొడంపేటట.

మీకేం చెయ్యమంటారని ఆశ్రమం వాళ్లు ఫోన్లో అడిగితే, తన కూతురికి బదులు లంజిపల్లి క్లాసులో ఒక పిల్లకి ఆ పని ఇవ్వమని వాళ్ల భాషలోనే వేడుకున్నాడట తాతారావు.