గడియ పడని తలుపు

సందు మలుపు దగ్గర్నుంచే సైకిల్ బెల్లు ఆగకుండా మోగుతోంది. సాహిత్య పప్పు ఏరుతున్న చేటతోనే గుమ్మంలోకి పరుగెత్తింది. దినకర్ సైకిల్‌కి స్టాండు కూడా వేయకుండా గోడకి ఒరగేసి, "వచ్చేసింది!" అన్నాడు.

"ఏమొచ్చింది?"

"జనరల్ షిఫ్టు! నైట్ డ్యూటీ ఖతం. రేపట్నుంచి పొద్దున్న పోడం, సాయంత్రం వచ్చీడం!"

చేటలో పప్పు సగం నేలపాలైంది. పెళ్లైన వారం నుంచీ ఇండస్ట్రియల్ పార్కులోని ఆ ఫ్యాక్టరీ అతన్ని రాత్రిళ్లు తీసుకుపోయి, తెల్లారాక ఎర్రటి కళ్లతో తిప్పి పంపుతోంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి తమ గది తలుపు వైపు చూశారు. నవ్వు ఆగిపోయింది.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఆ రైల్వే క్వార్టరుకున్నవి రెండే గదులు. ఒకటి అత్తమామలది, ఒకటి వీళ్లది. వానలకి ఉబ్బిన వీళ్ల తలుపు ఎంత తోసినా వేలెడు ఇవతలే ఆగిపోతుంది, గడియ పడదు. అత్తగారి పచ్చడి జాడీలన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. ఆవిడకి ఏ వేళ ఏ జాడీ గుర్తొస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

"రాత్రిలోపు ఆ గడియ పడాలి," అంది సాహిత్య.

"సిరిల్ దాదాని పిలుస్తాను. మంచి వడ్రంగి."

"వద్దు బాబోయ్! ఆయనకి చెబితే క్వార్టర్ల లైనంతటికీ చెప్పినట్టే. మనమే రుద్దేద్దాం."

గోల్ బజార్లో ఆమె ఉప్పుకాగితం అడిగితే బెంగాలీ కొట్టతను తెల్లమొహం వేశాడు. "శిరీష్ కాగజ్, దాదా," అన్నాడు దినకర్. అంత మెత్తటి పువ్వు పేరు ఇంత గరుకు కాగితానికి ఎవరు పెట్టారో! సాహిత్య దారిపొడుగునా ఆ కాగితాన్ని "ఏమ్మా శిరీషా" అని పిలుస్తూనే వచ్చింది.

శిరీష మాట వినలేదు. వట్టి చేత్తో పట్టుకుని రుద్దితే వేళ్లు మండాయి, తలుపు అంచు గుంటలు పడింది. చదునైన చెక్కకి అంటిస్తే తప్ప లాభం లేదనుకుని, దినకర్ పాత ప్యాకింగ్ పెట్టె పలకని అరచేతిలో పట్టేంత ముక్కలుగా కోశాడు. సాహిత్య ఒక్కోదాన్నీ నేలమీద పెట్టి, ఊగితే పక్కన పడేసి, ఊగనిదాన్ని ముద్దు పెట్టుకుంది.

అత్తగారు దాలమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏటమ్మీ ఈ గీకుడు? ఈ ఇంట్లో ఏ తలుపుకీ ఇరవై ఏళ్లనుంచి గడియ పడనేదు. ఎవులికి ఏటైనాదేటి?"

సాహిత్య నోటికొచ్చింది చెప్పేసింది. "పిల్లి అత్తమ్మా! రాత్రిళ్లు గదిలోకి దూరుతోంది."

వరండాలో పేపరు చదువుతున్న మామగారు నూకయ్య తలెత్తాడు. వర్క్‌షాపులో క్రేన్ డ్రైవరు. పైనుంచి అంతా చూడటం ఆయనకి అలవాటు. "పిల్లేటి? నిన్న ఎలక నా సబ్బు ఎత్తుకుపోనాది. పిల్లుంటే ఎలకలుంటాయేటి?"

"సిన్న పిల్లి నాన్నా. కొత్తగా వచ్చింది," అన్నాడు దినకర్.

"నానైతే సూడనేదు," అని ఆయన మళ్లీ పేపరు పైకెత్తాడు.

మొదట కాగితాన్ని చెక్క పక్కలకి మడిచి పిన్నులు గుచ్చారు. నాలుగు రుద్దులకే చిరిగింది. మైదా జిగురు రాశారు. కాగితం నాని, అప్పడంలా చుట్టుకుపోయింది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటున్న ఇద్దరి మధ్యా దాలమ్మ పీట వేసుకుని కూర్చుంది. కదిలేలా లేదు.

"కాగితానికి కాదు, చెక్కకి రాద్దాం. పల్చగా," అంది సాహిత్య. గరుకువైపు నేలకి ఉండేలా కాగితం పరిచి, ఫెవికాల్ పూసిన చెక్కల్ని దానిమీద బోర్లించింది. "పైన బరువు పెట్టాలి..."

మాట పూర్తికాకముందే దాలమ్మ మంచం కిందనుంచి పాత రైలుపట్టా ముక్కని ఈడ్చుకొచ్చింది. "ఇంద. ఎన్ని సెక్కలు సేసినావు?"

"రెండు చాలు అత్తమ్మా."

"నాలుగు సెయ్. సెడిపోవు."

భోజనాలయ్యేసరికి కాగితం చెక్కకి చర్మంలా పట్టేసింది. మిగిలిన అంచులు బ్లేడుతో కోసి, ఇద్దరూ చెరో చెక్కా పట్టుకుని తలుపు మీద పడ్డారు. చెక్కపొడి దినకర్ మీసాల మీద, సాహిత్య కనురెప్పల మీద వాలింది. చూసుకున్నప్పుడల్లా నవ్వే. దీపాలు పెట్టే వేళకి తలుపు పెళ్లికూతురిలా సున్నితంగా చట్రంలోకి ఒదిగింది.

టక్! గడియ పడింది.

సాహిత్య లోపలే నిలబడి చప్పట్లు కొట్టింది. ఆమె బయటికి రాగానే నూకయ్య లేచి వెళ్లి, గడియ తీసి వేసి, మళ్లీ తీసి వేసి, వచ్చి పేపరు పట్టుకుని కూర్చున్నాడు. దొంగతనం బయటపడినట్టు సాహిత్య చెవులు ఎర్రబడ్డాయి.

దాలమ్మ తమ గదిలోకి పచ్చడి జాడీలు ఒక్కొక్కటే మోసుకుపోతోంది. ఆఖరి జాడీ చంకన పెట్టుకుని ఆగింది.

"వాడని సెక్కలు రెండున్నాయి కదా? పారీకండి. రేపు మా తలుపు గీకండి."

"మీ తలుపా?" సాహిత్య నోరు తెరిచింది. "ఇరవై ఏళ్లనుంచి..."

దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొగుడి వైపు చూసింది. నూకయ్య పేపరు మొహం నిండా కప్పుకున్నాడు.

"పిల్లి వస్తంది," అన్నాడు.